ముగ్గురి ఫోటో

కామాక్షమ్మకు మూడు అంకె మీద పగేమీ లేదు. పొయ్యికి మూడు రాళ్ళు, తాళికి మూడు ముళ్ళు, దేవుళ్ళలో ముగ్గురు మూర్తులు, అన్నీ ఆవిడకు ఇష్టమే. ఫోటోలో మాత్రం ముగ్గురు ఉండకూడదు. ఇద్దరుండచ్చు, నలుగురుండచ్చు, నలభైమంది మెట్లమీద వరసగా నిలబడినా ఆవిడకు అభ్యంతరం లేదు. ముగ్గురు నిలబడ్డారంటే చాలు, వంటింట్లో ఉన్నా, వీధి చివర ఉన్నా పరుగున వచ్చి నాలుగో మనిషిని మధ్యలోకి తోసేస్తే తప్ప ఊపిరి తీసుకోదు.

ఆ నాలుగో మనిషి ఎప్పుడూ కోడలి తమ్ముడు సోములు మావయ్యే. మనవరాలు అరుణకుమారి పెళ్ళి ఆల్బం తెరిస్తే పెళ్ళికొడుకుకంటే ఎక్కువగా కనిపించేది ఆయన. పెళ్ళికూతురూ అమ్మానాన్నా ఉన్నచోట సోములు మావయ్య. పెళ్ళికూతురూ ఇద్దరు స్నేహితురాళ్ళూ ఉన్నచోట, ఆ ఆడపిల్లల మధ్య, సోములు మావయ్య. "ఒరే సోములూ, నాలుగోడివి నువ్వు నిల్సోరా" అని కామాక్షమ్మ కేక వెయ్యడం, నోట్లో తాంబూలంతో ఆయన వచ్చి నిలబడడం, ఉమ్మే వ్యవధి లేక ఒక బుగ్గ ఉబ్బించుకునే ఫోటో దిగడం. ఆఫీసులో ఆల్బం చూసినవాళ్ళు "ఈయనెవరు, పెళ్ళిపెద్దా?" అని అడిగితే, పెళ్ళికొడుకు యోగేశ్ గంభీరంగా "కాదు, మా ఇంటి నాలుగో మనిషి" అని చెప్పేవాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ అరుణకు కావలసిన ఫోటో ఆ లావుపాటి ఆల్బంలో ఎక్కడా లేదు. తనూ, యోగేశూ, మధ్యలో మామ్మ. అంతే. ఇంకెవరూ వద్దు. అరుణ బెంగాలీల ఊళ్ళో, ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో పుట్టింది. అమ్మా నాన్నా పొద్దున్నే పనులకు వెళ్ళిపోతే, తలదువ్వి, జడలేసి, బడికి దింపి, సాయంత్రం బడి గేటు దగ్గర వేయించిన శనగలతో నిలబడింది నాన్నను కన్న ఈ మామ్మే. కాలేజీ చదువుకీ, సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగానికీ, ఆ ఆఫీసు బస్సులో పక్క సీట్లో దొరికిన కరీంనగర్ కుర్రవాడితో పెళ్ళికీ ఇంట్లో అందరికంటే ముందు తల ఊపింది కూడా ఆవిడే. సాల్ట్ లేక్‌లో కొత్తగా అద్దెకు తీసుకున్న ఇంటికి మాత్రం "నాకు ఆ ఇల్లు వద్దు, కింద చేపలోడి కేక వినబడదు" అని రానంది. మనిషి రాకపోతే పోనీ, ఫోటో అయినా గోడమీద ఉండాలని అరుణ పట్టుదల.

"ఎట్లయితదే?" అన్నాడు యోగేశ్. "ఎక్కడ ముగ్గురం నిలబడ్డా మావయ్య ఊడిపడతడు."

"మావయ్య లేని చోటికి తీసుకెళ్దాం" అంది అరుణ.

ఆఫీసులో ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళకో గుంపు ఉంది. అందరూ అన్న అనే అర్థంలో శుభోమయ్ దా అని పిలిచే పెద్దమనిషి దానికి నాయకుడు. చలికాలం ఆదివారాల్లో అందరినీ తోటలవెంటా చెరువులవెంటా తిప్పుతాడు. ఈసారి నరేంద్రపూర్ దగ్గర పక్షుల తోట. ఒకప్పటి మామిడితోట, పట్టించుకునేవాళ్ళు లేక అడవిగా మారి, ఇప్పుడు పిట్టలకు సొంతమైంది. యోగేశ్ కొత్తగా కెమెరా కొన్నాడు. పక్షులను తీస్తానని కొన్నాడు కానీ, ఇప్పటిదాకా అందులో ఉన్నవన్నీ అరుణే. టీ తాగుతున్న అరుణ, మెట్టెలు కరుస్తున్నాయని కాలు పట్టుకుని కూర్చున్న అరుణ, దుప్పటి ముసుగులోంచి ఒక్క చెవి మాత్రం కనిపిస్తున్న అరుణ.

తెల్లవారగానే క్యాబ్ వాట్‌గంజ్ సందు మొగలో ఆగింది. మంచు ఇంకా విడలేదు. జరీ అంచు చీర కట్టుకుని, దానిమీద మగవాళ్ళ స్వెటర్ తొడుక్కుని, తలకు ఊలు మంకీ క్యాప్ లాక్కుని కామాక్షమ్మ సిద్ధంగా నిలబడి ఉంది. కళ్ళూ ముక్కూ తప్ప ఏమీ కనబడడం లేదు.

"మామ్మా, ఆ టోపీ ఏటి? దొంగలా ఉన్నావు" అంది అరుణ.

"నోర్ముయ్యవే గుంటా. ఈ ఊర్లో చలి ముందుగా చెవులే పట్టుకుంటాది" అంటూ కారెక్కి, ముందు సీటూ వెనక సీటూ చూసి, "సోములు రాడేటి?" అని అడిగింది.

"రాడు."

"మరెవరొస్తారు?"

"మనమే" అంది అరుణ, కిటికీలోంచి చూస్తూ, సాధ్యమైనంత అమాయకంగా.

కామాక్షమ్మ ఒకసారి మనవరాలిని, ఒకసారి యోగేశ్ ఒళ్ళోని కెమెరాని చూసింది. టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంది.

తోట గేటు దగ్గర మట్టి ముంతల్లో టీ తాగారు. మునివేళ్ళకు ముంత వెచ్చదనం, పెదవికి మట్టివాసన, పక్కన భుజానికి భుజం ఆనించి నిలబడిన యోగేశ్. ఇంతకంటే మంచి ఉదయం ఎవరికైనా దొరికి ఉంటుందా అని అరుణకు అనుమానం వచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెకు ఇలాంటి అనుమానాలు రోజుకు నాలుగైదు వస్తున్నాయి.

లోపలికి అడుగు పెట్టగానే ఊరి రొద తలుపు మూసినట్టు ఆగిపోయింది. ముసలి మామిడిచెట్లు, వాటిని పెనవేసుకున్న తీగలు, కింద తడిసిన ఆకుల మెత్తటి దారి. కొమ్మల సందుల్లోంచి ఎండ వాలుగా దిగుతుంటే, మంచు అందులో పొగలా తిరుగుతోంది. సాలెగూటి మీద చుక్కలు చుక్కలుగా నీళ్ళు. కూలిపోయిన ఒక మొద్దుకు వరసగా పుట్టగొడుగులు, చిన్నపిల్లల చెవుల్లా. అరుణ ఫోన్ పట్టుకుని నేలమీద మోకాళ్ళూని వాటిని తీస్తుంటే, యోగేశ్ వాటిని తీస్తున్న అరుణను తీశాడు.

"పిట్టను తియ్యవయ్యా!" అన్నాడు శుభోమయ్ దా, నవ్వు ఆపుకుంటూ. ఆయన నియమం ఒకటే. తోటలో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు.

ఆ నియమం కామాక్షమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఫలితం ఉండేది కాదు. డాక్ గేటు దగ్గర ఓడల కూతల మధ్య ఇడ్లీలు అమ్మిన గొంతు అది. గుంపంతా ఊపిరి బిగబట్టి నీటికుంట పక్కన లకుముకిపిట్ట మీద కెమెరాలు గురిపెట్టిన క్షణాన, "ఓలమ్మో, ఎంత నీలంగా ఉన్నాదే!" అని ఆవిడ మెచ్చుకుంది. పిట్ట ఆ మెప్పును అందుకుని ఎగిరిపోయింది. శుభోమయ్ దా కళ్ళు మూసుకుని, తెరిచి, "పరవాలేదు దిదా" అన్నాడు. దిదా అంటే అక్కడివాళ్ళకు అమ్మమ్మ. ఆవిడ ఆయన చెంప నిమిరి, బెంగాలీలో, "బాబూ, నువ్వు బక్కగా ఉన్నావు, ఇంట్లో ఎవరూ పెట్టరా?" అని అడిగింది. గుంపు మరో దారి పట్టింది. వాళ్ళు ముగ్గురూ వెనకబడ్డారు. అరుణ కోరుకున్నదీ అదే.

ఎండ బాగా పడుతున్నచోట, నేలమీదికి పాకిన ఒక లావాటి కొమ్మ బెంచీలా ఉంది. అరుణ మామ్మను అక్కడ కూర్చోబెట్టింది. టోపీ తీసి, జుట్టు సరిచేసింది. యోగేశ్ ట్రైపాడ్ నిలబెట్టి, కెమెరా బిగించి, టైమర్ పెట్టసాగాడు. అరుణ పక్కన వచ్చి కూర్చుంది.

కామాక్షమ్మ చూపుడువేలు లేచింది. "నాను. నువ్వు. అబ్బాయి. నాలుగోడేడి?"

"లేడు మామ్మా. ఒక్కటంటే ఒక్కటి, మనం ముగ్గురమే..."

మాట పూర్తికాకముందే ఆవిడ లేచి నిలబడింది.

"మామ్మా, ఇవన్నీ నమ్మకాలు మామ్మా! ఏటవుతాది ముగ్గురుంటే?"

"మీ తాత పోనాడు" అంది కామాక్షమ్మ.

యోగేశ్ చెయ్యి కెమెరా మీద ఆగిపోయింది.

తాత డాక్‌లో ప్రమాదంలో పోయాడని అరుణకు తెలుసు. ఇంకేమీ తెలియదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. కామాక్షమ్మ మళ్ళీ కొమ్మ మీద కూర్చుని, పెద్దగా విచారమేమీ లేకుండా, ఎప్పటిదో ఎండిపోయిన దెబ్బను చూపించినట్టు చెప్పింది.

"మీ తాత తమ్ముడు మల్లేశు ఊరెల్లిపోతానన్నాడు. ఎల్లేముందు ఫోటో దిగుదాం వొదినా అన్నాడు. ఖిదిర్‌పూర్‌లో స్టూడియోకి ఎల్లినాం. నాను, మీ తాత పోలిరాజు, మల్లేశు. మీ నాన్న అప్పటికి నా కడుపులో కూడా పడనేదు అనుకున్నాం, తరవాత తెలిసినాది. ఫోటో కడిగి ఇస్తానన్న రోజు రాకముందే క్రేను గొలుసు తెగిపోనాది. మధ్యలో నిలబడినోడు మీ తాతే. ఆ ఫోటో నాను ఎల్లి తెచ్చుకోనేదు. ఎలగుందో ఇప్పటికీ తెల్దు." ఆవిడ యోగేశ్ వైపు తిరిగింది. "ఒక మొగుడిని ఫోటోకి ఇచ్చేసినాను బాబూ. నా మనవరాలి మొగుడిని ఇవ్వను."

ఇన్నాళ్ళూ అందరూ నవ్వుకున్న ఆ పరుగులన్నీ, సోములు మావయ్యను తోసిన ఆ తోపులన్నీ ఇందుకా! "వద్దులే మామ్మా" అంది అరుణ. "నిజంగానే వద్దు. మనిద్దరం దిగుదాం. తర్వాత మీ ఇద్దరూ దిగండి."

అరుణ మొహం చిన్నబోవడం కామాక్షమ్మ చిన్నప్పటినుంచీ ఓర్చుకోలేదు. కాసేపు అటూ ఇటూ చూసింది. చెట్లు చూసింది. గొంతు సవరించుకుంది.

"నాలుగోది మనిషే కావాలని నాను అన్నానేటి?" అంది.

యోగేశ్ ముందు తేరుకున్నాడు. "అంటే మామ్మా, పిట్టైనా నడుస్తదా?"

"ప్రాణముంటే సాలు."

"మరి ఇన్ని దోమలున్నయి గద! లెక్కేస్తే మనం వందమందిమి."

"దోమలు లెక్కలోకి రావు" అంది కామాక్షమ్మ తీర్పు చెబుతున్నట్టు. "కళ్ళుండాల. మనల్ని సూడాల. అప్పుడు నాలుగోది అవుతాది."

ఇక మొదలైంది వేట. అరుణ నవ్వలేక, నవ్వు ఆపుకోలేక, కొంగు నడుముకు చుట్టిన మామ్మ వెనక చెట్టుకూ చెట్టుకూ మధ్య తిరిగింది. ఒక ఉడత దొరికింది. ముగ్గురూ వెళ్ళి చెట్టు మొదట్లో కూర్చునేలోపు పైకి పోయింది. "సోములు దీనికంటే నయం, పిలిస్తే వస్తాడు" అంది కామాక్షమ్మ. సీతాకోకచిలుక కళ్ళు ఎక్కడుంటాయో తేలక దాన్ని వదిలేశారు. పసుపుపచ్చ వంగపండుపిట్ట ఒకటి కొమ్మ మీద చక్కగా కూర్చుంది కానీ, వీళ్ళకు వీపు తిప్పి కూర్చుంది. "ఇటు సూడవే తల్లీ" అని కామాక్షమ్మ తెలుగులోనూ బెంగాలీలోనూ బతిమాలింది. అది రెండు భాషలూ రానట్టే ఉండిపోయింది.

"ఇంతలా ఎతుక్కోడం ఎందుకు?" అంది ఆవిడ చివరికి, ఆయాసపడుతూ మనవరాలి నడుమువైపు చూసి. "నాలుగోదాన్ని మీరిద్దరే బేగి తెచ్చుకోవచ్చు గదా."

యోగేశ్‌కు ఉన్నట్టుండి లెన్సు తుడుచుకోవలసిన పని పడింది.

"మామ్మా!" అంది అరుణ, చెవులదాకా ఎర్రబడి.

"ఏటే, తప్పన్నానా?"

అప్పుడు చూసింది అరుణ. మామ్మ భుజం మీదుగా, దారి మలుపులో ఉన్న ముసలి మామిడిచెట్టు తొర్రలోంచి రెండు గుండ్రటి పసుపు కళ్ళు తమనే చూస్తున్నాయి. గోధుమరంగు తల, దానిమీద తెల్ల చుక్కలు, పిడికిలంత ఒళ్ళు. తల ఒకసారి కిందికి, ఒకసారి పైకి ఆడించింది. వీళ్ళ పంచాయితీ మొదటినుంచీ వింటున్నట్టే ఉంది.

దొరక్క దొరక్క దొరికింది గుడ్లగూబ! వాట్‌గంజ్ గోడౌను మీద ఒక రాత్రి గూబ కూస్తే, మామ్మ పొయ్యిలో ఉప్పూ మిరపకాయలూ వేసిన సంగతి అరుణ నాన్న చెప్పగా విన్నదే. యోగేశ్ కూడా చూశాడు. "అయ్యో, దీన్ని చూపియ్యకు" అన్నాడు గొణుగుతూ. "మా దిక్కు గూబ ఇంటిమీద వాలితే ఇల్లే ఖాళీ చేస్తరు."

కామాక్షమ్మ వెనక్కి తిరగనే తిరిగింది. చూసింది. రెండు చేతులూ జోడించింది.

"లొక్ఖీ పేచా!" అంది, కళ్ళు విప్పార్చి. "అమ్మవారి వాహనం!"

బెంగాలీల లక్ష్మీదేవి గుడ్లగూబ మీద వస్తుంది. ఆ సంగతి అరుణకు తెలుసు, ఏటా పక్కింటివాళ్ళ పూజలో ప్రసాదం తిన్నదే. కానీ మామ్మ ఎప్పుడు అటువైపు మారిపోయిందో తెలియదు. "మరి మన వాళ్ళు గూబ చెడ్డదంటారుగా? నువ్వు ఉప్పూ మిరపకాయలూ..."

"అప్పటికి నాకు ఈ ఊరు పూర్తిగా తెల్దు. మన ఊర్లో గూబ వేరు, ఈడ గూబ వేరు. ఏ ఊరి నీళ్ళు తాగితే ఆ ఊరి శకునం సూసుకోవాల. ఈ నీళ్ళు యాభై ఏళ్ళ పైనుంచి తాగతన్నాను, నాకు శ్రీకాకుళం గూబతో ఏటి పని?"

వీళ్ళు ఎక్కడ తప్పిపోయారో అని వెతుక్కుంటూ వచ్చిన శుభోమయ్ దా గూబను చూసి మురిసిపోయాడు. అయితే ఆయన నిజాయితీపరుడు. లక్ష్మీదేవిది తెల్లగా, పెద్దగా ఉండే గుడ్లగూబ అనీ, ఇది చుక్కల చిన్న గూబ అనీ, రెండూ వేరు జాతులనీ దిదాకు మర్యాదగా చెప్పాడు.

"వాహనం కాకపోతే వాహనం సెల్లెలి కొడుకు" అంది కామాక్షమ్మ, బెంగాలీలో. "సుట్టమే గదా, సాలు."

గూబ బెదరకుండా గుంపును అటువైపు రానివ్వనని శుభోమయ్ దా మాటిచ్చి, వచ్చినదారినే అడుగులో అడుగు వేసుకుంటూ పోయాడు.

తొర్ర కింద వేళ్ళు మెట్లలా పైకి లేచి ఉన్నాయి. అరుణ మామ్మను ఒక పక్కకు కూర్చోబెట్టబోతే, ఆవిడ ఇద్దరినీ చెరో పక్కకు నెట్టి తాను నడిమిన సర్దుకుంది. "మధ్యలో నానే కూకుంటాను. ఏటైనా ఐతే మధ్యలోడికే అవుతాది."

"అలాగైతే నేనసలు దిగను!" అంది అరుణ.

"ఓసి పిచ్చిదానా, పైన అది ఉన్నాది గదే. నలుగురిలో మధ్యలోడు ఎవుడు? ఎవుడూ కాడు. కూకో."

యోగేశ్ టైమర్ నొక్కి పరుగెత్తుకొచ్చాడు. మొదటిసారి అతను కూర్చునేలోపే కెమెరా క్లిక్కుమంది. రెండోసారి వేరు తట్టుకుని వంగిపోయాడు. మూడోసారి కూర్చున్నాడు కానీ, కూర్చోవడం మామ్మ కాలిమీద కూర్చున్నాడు. "ఓలమ్మో, నన్ను గూబ ఏటీ సెయ్యనేదు, ఈడే సంపేస్తన్నాడు!" అని ఆవిడ అరిచింది. ముగ్గురూ ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో క్లిక్కుమంది.

యోగేశ్ వెళ్ళి చూశాడు. అక్కడే ఉండిపోయాడు. అరుణ దగ్గరికి వెళ్ళింది.

మొదటి ఫోటోలో గూబ ఉంది, యోగేశ్ వీపు ఉంది. రెండోదాంట్లో గూబ ఉంది, యోగేశ్ తల లేదు. మూడోది మాత్రం, అరుణ పెళ్ళిలో తీసిన వందల ఫోటోల్లో ఒక్కటి కూడా దానికి సాటిరాదు. మామ్మ నోరంతా తెరిచి, తల వెనక్కి వాల్చి, ఒక చెయ్యి యోగేశ్ జుట్టు పట్టుకుని, ఇంకో చెయ్యి అరుణ ఒళ్ళో. ముగ్గురి మొహాలమీదా ఎండ. వెనకాల తొర్ర, నల్లగా, ఖాళీగా. ఆ అరుపుకు గూబ లోపలికి దూరిపోయింది.

"ఏం కాదు" అన్నాడు యోగేశ్ చెవిలో. "రెండో ఫోటోలున్న గూబను ఎత్తి ఇందుల పెడత. రెండు నిమిషాల పని. మామ్మకు అసలు తెల్వదు."

అరుణకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. గోడమీద ఆ ఫోటో, అందులో గూబ, మామ్మ సంతోషం, తన సంతోషం. వేరు మీద కూర్చున్న మామ్మ వైపు చూసింది. ఆవిడ కాలు రుద్దుకుంటూ, చుట్టూ చెట్లను చూస్తూ తనలో తాను నవ్వుకుంటోంది. మామ్మది యోగేశ్ ప్రాణం గురించిన భయం. దాన్ని మోసం చేసి ఏ గోడమీద తగిలించుకుంటుంది?

కెమెరా విప్పి తీసుకెళ్ళి మామ్మ చేతిలో పెట్టింది. "మామ్మా, గూబ పడలేదు. మనం ముగ్గురమే పడ్డాం. నువ్వు వద్దంటే ఇప్పుడే చెరిపేస్తాను, ఒట్టు."

కామాక్షమ్మ కెమెరాను ముక్కుదాకా తెచ్చుకుంది. చాలాసేపు చూసింది. యోగేశ్ మొహం మీద వేలు పెట్టింది, తర్వాత అరుణ మొహం మీద, తర్వాత తన మొహం మీద. వేలు అక్కడే ఆగింది. తను నవ్వితే ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నాళ్ళుగానో చూసుకున్నట్టు లేదు. చివరికి నల్లటి తొర్ర మీద వేలు పెట్టి, తల ఎత్తి, అసలు తొర్రకేసి చూసింది. అందులో ఏమీ కనబడలేదు. లోపల మాత్రం ఏదో కదిలిన చప్పుడు, ఎండుటాకు గీరుకున్నట్టు.

"రైల్లో పై బెర్తు మీద దుప్పటి ముసుగెట్టి పడుకున్నోడున్నాడనుకో" అంది కామాక్షమ్మ నెమ్మదిగా. "మొకం కనబడనేదని టీటీ ఆడ్ని లెక్కెట్టడేటి?"

"లెక్కెడతాడు" అంది అరుణ.

"మరంతే." కెమెరా వెనక్కి ఇచ్చేసింది. "నలుగురం."

తను నమ్మి అన్నదో, మనవరాలి కోసం అన్నదో ఆవిడ మొహం చూసి తెలుసుకోవడం ఎవరితరం కాదు. అరుణ ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి చెంపమీద గట్టిగా ముద్దుపెట్టింది.

"వదలవే, ఊపిరాడతన్నేదు. అబ్బాయ్, ఇంకోటి తియ్యి. ఇందులో నా పళ్ళన్నీ కనబడిపోతన్నాయి. గోడమీద ఎడితే వచ్చినోళ్ళు నా పళ్ళు లెక్కెడతారు. ఈసారి నోరు మూసుకుని కూకుంటాను."

"అదే బాగుంది మామ్మా!"

"నీకేటి తెల్సు. తియ్యి బాబూ."

యోగేశ్ మళ్ళీ కెమెరా బిగించాడు. అరుణ ఇటు, మామ్మ మధ్యలో, అటు అతనికి చోటు. ఈసారి కామాక్షమ్మ వేలు లేవలేదు, తొర్రవైపు తలా తిరగలేదు. కొంగు సర్దుకుని, పెదవులు బిగించి, స్టూడియోలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. యోగేశ్ మీట నొక్కి పరుగందుకున్నాడు.

"వేరు! వేరు సూసుకో అబ్బాయ్, పడతావు, ఓలమ్మ, మళ్ళీ పడతన్నావ్..."

క్లిక్కుమంది.